ఊలత్తయ్య మిగులు బడ్జెట్

ఏలూరులో చలి ధనుర్మాసంతో వచ్చి భోగిమంటల్లో పడి పోతుంది. ఆ నాలుగు వారాలూ కూడా తెల్లవారుజామున ముగ్గు వేసేవాళ్ళకీ, పాలు పోసేవాళ్ళకీ తప్ప మిగతావాళ్ళకి దుప్పటితో తీరిపోయే చలే. అలాంటి ఊళ్ళో ఏడాది పొడుగునా, రోహిణీ కార్తెలో కూడా, ఒళ్ళో ఊలు పెట్టుకుని స్వెట్టర్లు అల్లే మనిషి ఉందంటే దానికీ వాతావరణానికీ ఏ సంబంధమూ లేదన్నమాట.

మా వీధిలో ఆవిణ్ణి అందరూ ఊలత్తయ్య అంటారు. అసలు పేరు ఆధార్ కార్డులో ఉండే ఉంటుంది. మామయ్యగారు రైల్వేలో చేసినన్నాళ్ళూ వాళ్ళ కాపురం ఖరగ్‌పూర్‌లో. అక్కడి రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళకి కొదవలేదు గనక బెంగాలీ రాకుండానే జీవితం వెళ్ళిపోయేదే. కానీ పక్క క్వార్టర్సులో ఒక బెంగాలీ ఇల్లాలు శీతాకాలం ఎండలో మోడా వేసుకుని రెండు సూదులు ఆడిస్తూ కూర్చునేదట. ఆవిడ దగ్గర అత్తయ్య నేర్చుకున్న బెంగాలీ అంతా కలిపి ‘రెండు సోజా, రెండు ఉల్టో’, అంటే రెండు కుట్లు తిన్నగా, రెండు తిరగేసి. ఆ పెట్టుబడితోనే ఇప్పటిదాకా నెట్టుకొస్తోంది. రిటైరయ్యాక ఏలూరు వచ్చేస్తూ సామాన్లతో పాటు మంకీ క్యాపు కూడా తెచ్చారు. మామయ్యగారు కోరి తెచ్చుకున్నది కాదు, ఆయన నెత్తిన పెట్టారు.

ఊలత్తయ్యతో మాట్లాడటానికి ఒక పద్ధతుంది. వరస మధ్యలో పలకరించకూడదు. పలకరిస్తే జవాబు వస్తుంది గానీ అది మనం అడిగినదానికి కాదు. “మీ మనవడికి ఎన్నో ఏడండీ?” అంటే “నలభై ఆరు” అంటుంది. “వంకాయలు కిలో ఎంతన్నాడండీ?” అంటే “నలభై ఎనిమిది” అంటుంది. అది నిజమే అనుకుని వెళ్ళి, యాభై చెప్పిన బండివాడితో తగాదా పడి వచ్చినవాళ్ళున్నారు. ఒక పెళ్ళిలో చదివింపులు రాసే కుర్రాడి పక్కనే కూర్చుని అల్లుతూ పైకి “నూట పదహారు” అనేసింది. కుర్రాడు రాసేశాడు. స్వెట్టరు వీపుకి అన్ని కుట్లు ఎక్కించింది పాపం. మామయ్యగారు మారు మాట్లాడకుండా జేబులోంచి నూట పదహార్లు తీసి ఇచ్చారు. అప్పటికే ఆ దంపతుల పేరు మీద ఒక స్టీలు బిందె చదివించి ఉన్నారు.

ఇంటికొచ్చిన మనిషిని మనం ఎవరి తాలూకు, ఏం పని మీద వచ్చాడు అని చూస్తాం. ఊలత్తయ్య మొదట భుజాల వెడల్పు చూస్తుంది, తర్వాత చేతులు ఖాళీగా ఉన్నాయా అని చూస్తుంది. కొన్ని రకాల ఊలు ఉండలుగా రాదు, చిలపలుగా వస్తుంది. దాన్ని ఉండ చుట్టాలి. చుట్టాలున్నది అందుకే అని ఆవిడ నమ్మకం. చుట్టాలు దొరకని రోజున వచ్చినవాళ్ళే చుట్టాలు.

అలా ఒకనాడు కేబుల్ బిల్లు కుర్రాడు దొరికాడు. “రా నాయనా, ఫ్యాను కింద కూర్చో” అని కూర్చోబెట్టి, రెండు చేతులూ చాపమని, మణికట్లకి చిలప తగిలించింది. తను ఎదురుగా కూర్చుని చుట్టడం మొదలెట్టింది. పోగు కుడి చేతి మీంచి జారేటప్పుడు కుడి చెయ్యి వంచాలి, ఎడమ చేతి మీంచి జారేటప్పుడు ఎడమ చెయ్యి. వంచకపోతే చిక్కు పడుతుంది. నిమిషం తిరిగేసరికి కుర్రాడు తాళం పట్టుకుని అటూ ఇటూ ఊగుతున్నాడు. స్టూలు మీద పెట్టిన కాఫీ మీగడ కట్టింది. ముక్కు మీద దోమ వాలింది. ఊదాడు, పోలేదు. ఇంతలో జేబులో ఫోన్ మోగింది. మామయ్యగారు అనుభవజ్ఞులు గనక లేచి వచ్చి, ఫోన్ తీసి కుర్రాడి చెవికి ఆనించి నిలబడ్డారు. అవతల వాళ్ళ యజమాని కేకలు బయటికే వినిపిస్తున్నాయి.

“ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నావా? కట్టేశారా లేదా?”

“కట్టేశారు సార్.”

“మరి బయల్దేరు.”

“బిల్లు కాదు సార్, నన్ను.”

ఇదంతా పైపై సందడి. అసలు కథ మిగులు. ఊలుకి రంగు వాయిలు వాయిలుగా వేస్తారు. వాయికీ వాయికీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. అందుకే చీటీ మీద రంగు నంబరుకి తోడు లాట్ నంబరు కూడా వేస్తారు. పెద్దవాళ్ళ స్వెట్టరుకి సుమారు నాలుగైదు వందల గ్రాములు పడుతుంది. తక్కువపడి మళ్ళీ కొట్టుకి పరిగెడితే రంగు దొరుకుతుంది గానీ లాటు దొరకదు. కొట్లో దీపం కింద ఒకేలా ఉన్నది వీధిలో ఎండలో చూస్తే వీపు వంగపండు, చెయ్యి నేరేడుపండు. అందుకని తెలిసినవాళ్ళెవరైనా ఒక ఉండ ఎక్కువే కొంటారు, ఊలత్తయ్య రెండు కొంటుంది. అవి మిగులుతాయి. ఆ మిగిలినదానితో నిండుగా ఏదీ కాదు, పారెయ్యడానికి ప్రాణం ఒప్పదు. చారలకి వాడేద్దామంటే జోడీ రంగు కావాలి. జోడీ రంగు కొంటే దాని లాటు సంగతీ చూసుకోవాలి కదా, అందులోనూ ఒక ఉండ ఎక్కువ. ప్రభుత్వాలేమో లోటు పూడ్చుకోవడానికి అప్పు చేస్తాయి, ఊలత్తయ్య మిగులు పూడ్చుకోవడానికి ఖర్చు పెడుతుంది. దివాను కింద మిగులు, ఖరగ్‌పూర్ ట్రంకు పెట్టెలో మిగులు, ఎప్పుడో ఖాళీ అయిన బియ్యం డబ్బాలో మిగులు. అన్నిట్లోనూ కలరా ఉండలు. ఆ ఇంట్లో పులిహోర తిన్నా కాస్త ఆ వాసన తగులుతుందని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళు కూడా అంటారు.

ఇలా కూడినదంతా వాడెయ్యాలన్న పట్టుదలతో ఆ ఇంట్లో నిలబడ్డ ప్రతి వస్తువుకీ బట్టలు వచ్చాయి. టీవీ రిమోట్‌కి జేబురుమాలంత చొక్కా. అది తొడిగినప్పటి నుంచి ఏ మీట ఎక్కడుందో తెలీక అందరూ ఒకే ఛానల్ చూస్తున్నారు. గ్యాస్ సిలిండర్‌కి గౌను, ఫ్రిజ్ పిడికి పైతొడుగు, కుర్చీ కాళ్ళకి నాలుగు సాక్సులు. ఆవకాయ జాడీకి టోపీ, దానికి పైన కుచ్చు. దేవుడి గూట్లో వినాయకుడికి మఫ్లరు అల్లింది. మెడకి చుడితే తొండం బయట ఉండిపోతోందని దానికి విడిగా ఒక గొట్టం అల్లింది. పూజ చేసుకునే మామయ్యగారు తొండం మీద బొట్టు పెట్టాలంటే గొట్టం తీసి పెట్టి మళ్ళీ తొడగాలి. మరిచిపోతే స్వామికి జలుబు చేస్తుందని ఆయన భయం కాదు, ఆవిడ భయం.

అల్లడం ఎంత ఓర్పో, ఊలు కొనడం అంత యుద్ధం. చీటీ మీద ఏం రాసి ఉన్నా ఊలత్తయ్య నమ్మదు. ఒక పోగు లాగి, “అగ్గిపెట్టె ఉందా?” అని అడుగుతుంది. అసలు ఊలైతే కాలినప్పుడు వెంట్రుకలు కాలిన వాసన వేసి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి నల్లగా, గట్టిగా పూసకడుతుంది. నాలుగు వైపులా దారాలూ లేసులూ వేలాడుతున్న కొట్లో నిప్పు వెలిగించి పరీక్ష చేసే ఈవిణ్ణి చూసి కొట్టతను ఏమీ అనడు. కౌంటర్ కిందనుంచి నీళ్ళ చెంబు తీసి పైన పెట్టుకుంటాడు. అయిదు నిమిషాల పరీక్ష తర్వాత అత్తయ్య కొనేది యాక్రిలిక్కే. వాషింగ్ మెషీన్‌లో వేసినా ముడుచుకోదు, ధర కూడా తక్కువ. మోసపోలేదని తెలుసుకుని కొనాలి, అంతే.

శీతాకాలం టిబెటన్లు రోడ్డు పక్క స్వెట్టర్ల దుకాణాలు పెట్టినప్పుడు మాత్రం ఆవిడని అటు తీసుకెళ్ళకూడదు. ప్రతిదీ లోపలి వైపుకి తిప్పి చూసి “మిషను” అంటుంది, తద్దినంలో ఉల్లిపాయ కనిపించినట్టు.

కొడుకు అమెరికా వెళ్ళినప్పుడు ఊలత్తయ్యకి దశ తిరిగిందనుకున్నాం. చలిదేశం, మనవలు, పార్శిళ్ళు. ఫుల్ చేతులు, తాళ్ళల్లిక, పైన టోపీ కలిపి కుట్టినవి, వరసబెట్టి పంపింది. కొడుకు ఉన్నది అరిజోనాలో ఫీనిక్స్. 2023 ఎండాకాలంలో ఆ ఊళ్ళో వరసగా 31 రోజులు పగటి ఎండ 43 డిగ్రీలకి తగ్గకుండా కాసింది. ఏలూరువాడే ఏలూరు నయం అని వాపోయాడు. వీడియో కాల్‌లో మనవడు నాయనమ్మ అల్లిన స్వెట్టరు వేసుకుని, ఏసీ పదహారులో పెట్టుకుని, నవ్వుతూ కనిపించేవాడు. కాల్ అవగానే విప్పేవాడట. ఈ సంగతి మా అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసని నా అనుమానం. “చేతులు పొట్టయినట్టున్నాయే, ఇంకోటి మొదలెడతా” అంటుంది.

మనుషులు దొరక్కపోతే పక్షులు. ఆస్ట్రేలియాలో ఫిలిప్ దీవి దగ్గర 2001లో సముద్రంలో చమురు ఒలికి చిన్న పెంగ్విన్‌లు వందల్లో తడిశాయి. ఒంటికంటిన చమురుని ముక్కుతో గీరుకుని మింగేసి చచ్చిపోకుండా, శుభ్రం చేసేదాకా వాటికి బుల్లి స్వెట్టర్లు తొడిగారు. అల్లికలవాళ్ళకి ఇంతకన్నా తీపి కబురేముంది? లోకం నలుమూలల నుంచీ స్వెట్టర్లు వచ్చిపడి, పెంగ్విన్‌ల కన్నా చొక్కాలు ఎక్కువై, మిగిలినవాటిని బొమ్మ పెంగ్విన్‌లకి తొడిగి అమ్ముకోవలసి వచ్చింది. ఇది నేను చెప్పినప్పుడు ఊలత్తయ్య సూదులు ఆగాయి. “ఆ పిట్టకి చంక కొలత ఎంతుంటుందిరా?” అంది. ఇప్పుడు అక్కర్లేదటండీ అన్నాను. ఆవిడ కాసేపు ఎదురింటి పమేరియన్ వంక చూసింది. దానికి పుట్టుకతోనే ఒక స్వెట్టరుంది. ఆ సంవత్సరం నుంచి రెండు.

అత్తయ్యకి ఒక తోడికోడలుంది, నర్సాపురం మనిషి. ఆవిడది ఒంటి సూది, కొక్కెం ఉన్నది. తెల్ల నూలుదారంతో లేసు. వీళ్ళిద్దరూ కలిశారంటే ఒకరి చేతిపని ఒకరు తిరగేసి చూసుకుని, “బాగుందమ్మా” అని ఒకే గొంతుతో అబద్ధం ఆడుకుంటారు. అయితే లేసుకి ఒక చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి ప్రాంతంలో నేర్పిన విద్య అది. తరతరాలుగా విదేశాలకి ఎగుమతి అయింది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అని పుస్తకమే వేసింది. ప్రపంచం నలుమూలలకీ సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళని ఇళ్ళల్లో తీరికవేళ కాలక్షేపం చేసుకునేవాళ్ళ కింద జమకట్టి కూలి ఎలా తొక్కేశారో అందులో చెప్పింది. ఆ పుస్తకం తోడికోడలు చదవలేదు, చదవక్కర్లేదు కూడా. నిజంగా కాలక్షేపానికి అల్లే మనిషి ఎలా ఉంటుందో ఆవిడ ఎదురుగానే ఉంది.

“అక్కయ్యా, ఈ స్వెట్టరుకి ఎంతిస్తారు?” అని అడిగింది ఒకసారి.

“ఇవ్వడమేమిటే, మనమే ఇస్తాం.”

“ఊలు డబ్బులైనా?”

“అవీ మనవే.”

తోడికోడలు ఇంకేమీ అనలేదు. లేసు చివర పోగు కొరికి తెంపి, సంచీలో పెట్టుకుని, ఉన్నట్టుండి, “మద్రాసులో ఆడవాళ్ళంతా కలిసి కొక్కెం సూదితో దుప్పటి చేశారుట, ప్రపంచ రికార్డుట” అంది. నిజమే, 2016 జనవరిలో చెన్నైలో చేశారు. నలభై అంగుళాల చదరాలు అల్లి కలిపితే 11,148 చదరపు మీటర్లు దాటింది. మామయ్యగారు పేపరు అంచుమీద లెక్క కట్టారు. “రెండెకరాల డెబ్భై అయిదు సెంట్లు. మనం అమ్ముకున్న పొలం కన్నా ఎక్కువే” అన్నారు. ఆయన బాధ పొలం గురించి. ఊలత్తయ్య ఆలోచన అది కాదు. నలభై అంగుళాల చదరం అంటే ఎన్ని మిగులు ఉండలు పడతాయా అని.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో దుప్పటి మొదలైంది. ఒంటి సూది ముట్టనని ఒట్టేసుకుంది గనక రెండు సూదులతోనే జానెడు చదరాలు. దివాను కింది మిగులు, ట్రంకు మిగులు, బియ్యం డబ్బా మిగులు, అన్నీ బయటికొచ్చాయి. చిలకపచ్చ పక్కన వంకాయ రంగు, దాని పక్కన పసుపు. మామయ్యగారి పాత స్వెట్టరు ఒకటి విప్పేసి, పోగు ముడతలు పోవడానికి తడిపి, చెంబు వేలాడగట్టి దండెం మీద ఆరేసింది. ఆయన ఆ స్వెట్టరు కోసం రెండ్రోజులు వెతికి, చివరికి అది చదరాల్లో కనిపిస్తే గుర్తుపట్టి ఊరుకున్నారు. వేసవి నడిమధ్యలో ట్రంకు పెట్టె అడుగు కనిపించింది. ఖరగ్‌పూర్ దినపత్రిక ఒకటి పరిచి ఉంది అందులో. మేమంతా వెళ్ళి చూసొచ్చాం.

అయితే చదరాలు ఊరికే అతకవు. రంగురంగుల ముక్కల్ని కలపాలంటే మధ్యలో అన్నిటికీ ఒకటే గీత ఉండాలి, అది నలుపైతేనే మిగతా రంగులు ఎగిసిపడతాయని ఆవిడ సిద్ధాంతం. ఇంట్లో ఉన్న నలుపు చాలదు. ఆరు వందల గ్రాములు పడుతుందని లెక్కేసి, లాటు మారిపోతుందేమోనని ఎనిమిది వందలు కొంది. దుప్పటి పూర్తయింది, డబుల్ కాట్‌కి సరిపోయి నేల మీద కూడా కాస్త పాకేంత. నలుపు రెండు ఉండలు మిగిలింది.

నలుపు ఇంట్లో ఊరికే పడి ఉండకూడదు కదా. అత్తయ్య రెండు రోజులు ఆలోచించి, దిష్టి కుచ్చులు మొదలెట్టింది. వీధిలో ప్రతి స్కూటరుకీ, ప్రతి కారుకీ, చంటిపిల్లల ఉయ్యాలలకీ, మా ఇంటి మోటారు పంపుకీ కట్టేసింది. కేబుల్ కుర్రాడి బండికీ ఒకటి కట్టింది. అతను ఈసారి గేటు బయటే నిలబడి బిల్లు తీసుకున్నాడు. అలా ఒక ఉండ ఖర్చయింది. రెండోది సగానికి వచ్చాక ఊలత్తయ్య కుచ్చుని ఎత్తి పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏమండీ, ఇందులో ఒక్క ఎర్ర పోగు పడితే గానీ దిష్టి ఆగదుట. ఇంట్లో ఎరుపు నిండుకుంది.”

మామయ్యగారు అప్పటికే మేకుకున్న సంచీ తీసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నారు. “ఏ లాటు?” అన్నారు.