పువ్వులాంటి తుపాకీ

మా మామగారు పెళ్లిలో ఇస్తామన్న స్కూటరు ఇవ్వలేదు. ఇరవై రెండేళ్లు ఆగి, దానికి బదులు తుపాకీ ఇచ్చారు. ఇందులో ఆయన దురుద్దేశం ఏమీ లేదని మా ఆవిడ నమ్మకం. నేనూ నమ్ముతున్నాను. నమ్మకపోతే పూట గడవదు కదా.

మాది అత్తిబెలె. బెంగళూరు నుంచి హొసూరు పోయే దారిలో, కర్ణాటక అయిపోయేచోట, టోల్ గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు మీరు విసుక్కునే ఊరు. బోర్డుల మీద కన్నడం, హద్దు దాటితే తమిళం, చాలా ఇళ్లలో తెలుగు. కన్నడంలో బెలె అంటే ధర. అత్తవారి ఊరికి ఆ మాట ఎందుకు అతుక్కుందో పెళ్లయిన కొత్తలోనే నాకు తెలిసొచ్చింది. అత్తి అంటే మేడిచెట్టు అని చదువుకున్నవాళ్లు సర్దిచెబుతారు. వాళ్ల అత్తగారు ఈ ఊళ్లో ఉండరు.

తుపాకీ సంగతికొస్తాను. అది పాయింటు 315 రైఫిల్. ఒకప్పుడు మామగారికి ఇక్కడ మూడెకరాల రాగిచేను ఉండేది. బన్నేరుఘట్ట అడవి వైపు నుంచి పందులు దిగి చేను దున్నేసేవి. పంట రక్షణకని లైసెన్సు తీసుకున్నారు. ఇప్పుడు చేను లేదు, చేనున్నచోట లేఅవుటు ఉంది. పందులు రావడం మానేశాయి, బ్రోకర్లు వస్తున్నారు. వాళ్ల విషయంలో లైసెన్సులో ఏ వెసులుబాటూ లేదు.

2016 ఆయుధ నియమాలు ఏమంటాయంటే, లైసెన్సుదారుకు డెబ్భై ఏళ్లు నిండినా, ఆయుధం ఇరవై ఐదేళ్లు ఆయన దగ్గరున్నా, దాన్ని వారసుల్లో ఒకరికి బదలాయించుకోవచ్చు. ఆ వారసుల వరసలో అల్లుడు కూడా ఉన్నాడు! మూడెకరాలు అమ్మినప్పుడు ఎవరికీ గుర్తురాని అల్లుడు, తుపాకీ దగ్గరికొచ్చేసరికి చట్టానికి కూడా గుర్తొచ్చాడు. పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్టు, ఫొటోలు, మళ్లీ ఫొటోలు (మొదటి వాటిలో చెవులు కనబడలేదట). ఏడు నెలలు తిరిగాను. ఆ ఏడు నెలల్లో అరిగిన చెప్పుల ఖర్చు ఈ ఫిర్యాదులో కలపడం లేదు.

అప్పగిస్తూ మామగారు ఒక్కటే మాటన్నారు. "పువ్వులా ఉంటుంది అల్లుడూ. చంకన పెట్టుకుని జవళగిరి అడవి దాకా నడిచిపోవచ్చు."

స్నానాల గది బయట మా ఆవిడ రోజూ ఎక్కి నిట్టూర్చే బరువు యంత్రం ఒకటుంది. తుపాకీ లేకుండా ఎక్కాను, పట్టుకుని ఎక్కాను. తేడా మూడున్నర కిలోలు. మూడున్నర కిలోల పువ్వు ఏ దేవుడి మెడలో వేస్తారో నాకు తెలియదు.

ఇక్కడితో ఆగివుంటే నేను కలం పట్టేవాణ్ణి కాదు. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. పగలు సాఫ్ట్‌వేరు, చలికాలం శనివారాల్లో జింకల వేట. అక్కడ ఫీజు కట్టి లైసెన్సు తీసుకుంటే, కాలం ప్రకారం, లెక్క ప్రకారం జింకను కొట్టొచ్చు. నాకు తుపాకీ వచ్చిందని తెలిసిన రాత్రి నుంచి వాడు వీడియో కాల్‌లో నాకు పాఠాలు మొదలుపెట్టాడు.

"బావా, మూడున్నర కిలోలు లైట్‌వెయిట్ కాదు. నాది రెండున్నరే. కానీ తేలిక తుపాకీతో చిక్కుంది, చెబుతా విను."

నేను వినను అన్నా వాడు చెబుతాడు. గొట్టం సన్నగా ఉంటేనే తుపాకీ తేలికవుతుందట. గుండు దూసుకుపోతున్నప్పుడు గొట్టం మీటిన తంబురా తీగలా వణుకుతుంది, సన్నదైతే మరీను. ఆ వణుకులో గొట్టం మూతి ఎటు ఊగిన క్షణాన గుండు బయటపడితే అటు పోతుంది. మందు మోతాదు మారినా, గుండు బరువు మారినా ఆ క్షణం మారిపోతుంది. అందుకే ఒక తుపాకీకి పడిన తూటా పక్కదానికి పడదు. రెండూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రోజు పుట్టినా సరే. ఏ తూటా పడుతుందో కాల్చి చూడాల్సిందే తప్ప చెప్పడానికి లేదట. మా అత్తగారి జీర్ణశక్తి గురించి డాక్టరు కూడా అచ్చం ఇదే మాట చెప్పాడు.

పైగా సన్నగొట్టం త్వరగా వేడెక్కుతుంది. మొదటి రెండు గుండ్లూ పక్కపక్కన పడి, మూడోది దారి తప్పుతుంది. వేటగాడికి చల్లని గొట్టంలోంచి పోయే మొదటి గుండే లెక్క. మూడోదాని దాకా జింక నిలబడదు కదా. తేలిక తుపాకీ భుజాన్ని గట్టిగా తంతుంది కూడా. ఆ తన్ను గుర్తొచ్చి మనిషి మీట లాగక ముందే కళ్లు మూసుకుంటాడు. ఆ తప్పును మాత్రం ఎవరూ తమ ఖాతాలో వేసుకోరు, తూటా మీదికి తోసేస్తారు.

వాడి బల్ల మీద నాలుగు రకాల అట్టపెట్టెలు. 6.5 క్రీడ్‌మోర్ అని ఒక సైజు, 2007లో వచ్చిందట. అందులోనే 120 గ్రెయిన్లు, 129 గ్రెయిన్లు, 140, 143. గ్రెయిన్ అంటే ఎంత అని తెలియక అడిగాను. సుమారు 65 మిల్లీగ్రాములట. పాతకాలం కంసాలి లెక్కలో గురివింద గింజ 120 మిల్లీగ్రాముల పైచిలుకు. అంటే 140 గ్రెయిన్ల గుండు డెబ్భై ఐదు గురివింద గింజల ఎత్తు. 143 గ్రెయిన్లదైతే దానిమీద మరో గింజన్నర. ఆ గింజన్నర తేడాకు, వంద గజాల దూరంలో కాగితం మీద పడ్డ మూడు చిల్లుల మధ్య ఎడం అంగుళమా, ముప్పావా అని వాడు ఒక ఆదివారమంతా కూర్చుని కొలిచాడు. అంగుళమంటే సుమారు మన పాత రూపాయి బిళ్ల వెడల్పు. ఆ బిళ్ల కిందికి మూడు చిల్లులూ దూరితే వాడికి పెద్ద పండగ, వాళ్లావిడకు ఇంకో ఆదివారం దండగ.

"నీ దాంట్లో ఏ తూటా వాడుతున్నావు బావా? రకాలు తెప్పించి చూశావా?"

చూద్దామనే వెళ్లాను. నగరంలో ఒక దుకాణం, పేరు చెప్పను. లైసెన్సు చూపించి, బావమరిది చెప్పిన పాఠమంతా అప్పజెప్పి, ఇందులో ఏమేం రకాలున్నాయని అడిగాను. గల్లాపెట్టె దగ్గరి పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకుని అన్నాడు. "రెండు రకాలు సార్. ఉన్నప్పుడు ఒక రకం, లేనప్పుడు ఒక రకం."

ఆ రోజు రెండో రకం ఉంది.

అసలు ఈ పాయింటు 315 పుట్టుకే ఒక సర్దుబాటు. తెల్లదొరల కాలంలో సైన్యం వాడే పాయింటు 303 సైజు జనం చేతుల్లో ఉండకూడదన్నారు. తిరగబడినవాళ్లకు సైన్యం తూటాలు పనికిరాకూడదు, సైన్యంలోంచి దొంగిలించిన తూటాలు ఎవరికీ పనికిరాకూడదు. అందుకని ఆస్ట్రియావాళ్ల ఎనిమిది మిల్లీమీటర్ల మాన్లికర్ తూటా కొలతల్లో ఒక సైజు ఇక్కడ స్థిరపడింది. దొరలు వెళ్లారు, సైజు ఉండిపోయింది. దాని మెత్తముక్కు గుండు పేరు మా బావమరిది ముందు ఎత్తితే వాడు మ్యూజియంలో మాట్లాడినట్టు గొంతు తగ్గిస్తాడు.

మామగారు తుపాకీతోపాటు ఇచ్చినవి ఏడు తూటాలు. వయసులో అవి నాకన్నా చిన్నవో పెద్దవో తెలియదు గానీ, ఇత్తడి డొప్పల మీద సన్నగా పచ్చదనం పట్టింది. ఇన్నాళ్లూ బీరువాలో పట్టుచీరల కింద కలరా ఉండల మధ్య పడుకున్నాయి. చీరలు భద్రంగానే ఉన్నాయి. తూటాల మాటేమిటంటే, పాతబడిన మందు ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా మండుతుందనీ, పచ్చబట్టిన వాటిని అసలు గొట్టంలో పెట్టొద్దనీ బావమరిది భయపెట్టాడు. ఏది పడుతుందో కాల్చి చూడాలి. చూడటానికి ఏడే ఉన్నాయి. ఆ ఏడూ కాల్చకూడదు. తర్కశాస్త్రం చదివినవాళ్లెవరైనా దీన్ని తెగ్గొట్టగలరేమో ప్రయత్నించండి.

పోనీ, కాల్చి చూద్దామనే అనుకుందాం. ఎక్కడ? వంద గజాలంటే మూడు వందల అడుగులు. అత్తిబెలెలో భూమిని గజాల్లోనో అడుగుల్లోనో చెబితే ఎవరికీ అర్థం కాదు, సైట్లలో చెప్పాలి. ముప్పై బై నలభై సైట్లు పది పక్కపక్కన పేర్చితే వంద గజాలు. పది సైట్లు వరసగా ఖాళీగా ఉన్నచోటు ఈ చుట్టుపక్కల కనిపిస్తే అక్కడ తుపాకీ పేల్చేముందు దాని ఓనర్ కాళ్లకు దణ్ణం పెట్టాలి. పెట్టినా, ఇళ్ల మధ్య పేల్చకూడదు. సరదాకు గాల్లో పేల్చినా కుదరదు. 2019 సవరణతో, సంబరాల్లో నలుగురికీ ముప్పు తెచ్చేలా కాల్చినవాడికి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మా మేనల్లుడి పెళ్లి ఊరేగింపులో ఒక్కసారి పేల్చమన్నవాళ్లకు ఈ సెక్షను చదివి వినిపించాను. అప్పటి నుంచి పెళ్లిళ్లకు నన్ను పిలిచే తీరు మారింది.

"అండర్సన్ దొర మన ఊరి మీదుగానే పోయేవాడు" అంటారు మామగారు, ప్రతి ఆదివారం సంగటి ముద్ద తిన్నాక. కెన్నెత్ అండర్సన్ 1910లో మన బొల్లారంలో పుట్టినవాడే. బెంగళూరులో స్థిరపడ్డాడు. హొసూరు దాటి జవళగిరి, దెంకణికోట అడవుల్లో మనుషుల్ని తినే పులుల్ని వేటాడి 1954లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆయన చేతిలో పాయింటు 405 వించెస్టర్. అక్కడ కుమావూఁ కొండల్లో జిమ్ కార్బెట్‌కు పాయింటు 275 రిగ్బీ. చంపావత్ పులిని చంపినందుకు 1907లో బహుమానంగా వచ్చింది. వాళ్లిద్దరికీ తూటాల పెట్టెలున్నాయి, అడవి ఉంది, పులి ఉంది. నాకున్నది మామగారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ దేశంలో వేట అనే మాట సినిమా పోస్టర్ల మీదే మిగిలింది. అలా మిగలడమే మంచిదని నా అభిప్రాయం, మామగారికి వినబడకుండా చెబుతున్నాను. ఇప్పటికీ రాగి కోతల కాలంలో ఆ అడవుల్లోంచి ఏనుగులు హొసూరు చుట్టుపక్కల చేలలోకి దిగుతాయి. వాటిని టపాసులతో, డప్పులతో తోలుతారు గానీ ఎవరూ గుండు బరువు లెక్కపెట్టరు.

మా ఆవిడ మాత్రం తుపాకీకి ఉద్యోగం చూపించింది. మేడ మీద వడియాలు పెడితే కోతులు వస్తాయి. "ఇంట్లో తుపాకీ పెట్టుకుని కోతిని తోలలేరేమండీ?" అంది. కోతికీ చట్టం రక్షణ ఉందని చెప్పాను. "కాల్చమన్నానా? చూపించండి చాలు" అంది. ఖాళీ తుపాకీ, పక్కన తూటా కూడా లేకుండా, మేడ మీదికి మోసుకెళ్లాను. పిట్టగోడ మీద కూర్చున్న ముసలి కోతి నన్ను చూసింది, తుపాకీని మూతి నుంచి మడమ దాకా చూసింది, లైసెన్సు చూపించమని అడుగుతుందేమో అనిపించింది. అడగలేదు. చీర కొంగు మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాల్లో నాలుగు ఏరుకుని, తొందరేమీ లేకుండా పక్కింటి వాటర్ ట్యాంకు మీదికి వెళ్లి తింది. మూడున్నర కిలోలు మోసుకుని నేను దిగొచ్చేసరికి మా ఆవిడ చీపురు తిరగేసి పట్టుకుని పైకి వెళ్తోంది. చీపురు దెబ్బకు కోతి మళ్లీ రాలేదు, ఆ పూటకు. చీపురుకు లైసెన్సు అక్కర్లేదు, తూటా అక్కర్లేదు, గొట్టం వేడెక్కదు.

కొడగు అల్లుణ్ణయినా బాగుండేది. అక్కడ కొన్ని వర్గాలవాళ్లకు కొన్ని రకాల తుపాకుల విషయంలో లైసెన్సు మినహాయింపు తెల్లవాళ్ల కాలం నుంచి ఉంది, 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు. తుపాకీని పూజలో పెడతారట. మేమూ ఆయుధపూజ చేద్దామనుకున్నాం. ఆ వారమే ఏవో ఎన్నికల ప్రకటన వచ్చింది.

ఇదొక్కటి చెప్పి ముగిస్తాను. ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలు తెచ్చి అప్పగించమని ఠాణా నుంచి కబురొస్తుంది. 2018 మేలో, 2019 ఏప్రిల్‌లో మామగారు ఇచ్చొచ్చారు. 2023 మే శాసనసభ ఎన్నికలకు నేను ఇచ్చొచ్చాను. 2024 ఏప్రిల్ లోక్‌సభకు మళ్లీ నేనే. మధ్యలో చిన్నా చితకా ఎన్నికలు ఎన్నో నా దగ్గర లెక్క లేదు. ఇస్తూ, తెస్తూ నేను ఈ తుపాకీని నడిపించిన దూరం కలిపితే జవళగిరి ఎప్పుడో దాటిపోయేది. ఈసారి అప్పగించినప్పుడు కానిస్టేబుల్ తూటాలు రెండుసార్లు లెక్కపెట్టి, నా సంతకం పెట్టించుకుని, ఒక చిన్న కాగితం చేతికిచ్చాడు. రైఫిల్ ఒకటి, తూటాలు ఏడు. ఆ కాగితం ఇప్పుడు బీరువాలో పట్టుచీరల కింద ఉంది. నిన్న తీసి చూశాను. పువ్వులా ఉంది.