క్రూసెన్ గారి హస్తవాసి

డాక్టర్ విల్మర్ క్రూసెన్ గారూ, మీ నిబ్బరానికి వెయ్యి దండాలు! 1918లో ఫిలడెల్ఫియా ఆరోగ్యశాఖ పగ్గాలు మీ చేతిలో ఉండటం ఆ ఊరు చేసుకున్న పుణ్యం. బోస్టన్ నుంచి వచ్చిన నావికుల వెంట స్పానిష్ ఫ్లూ దిగింది. నేవీ యార్డులో వందలమంది మంచం పట్టారు. అయినా మీ ముఖాన ఇసుమంత కంగారు లేదు. మామూలు ఫ్లూ జ్వరమేనని సెలవిచ్చి జనానికి కంటినిండా నిద్ర పట్టించారు. స్త్రీల వైద్యంలో చెయ్యి తిరిగిన మీకు ఊరి నాడి పట్టడం ఒక లెక్కా?

అలాగని చేతులు ముడుచుకు కూర్చోలేదు. వీధిలో ఉమ్మకండి, తుమ్మేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి అని ప్రచారం సాగించారు. ఒంటరిగా ఉమ్మితే తప్పు. సెప్టెంబరు 28న బ్రాడ్ స్ట్రీట్‌లో రెండు లక్షలమంది ఒకరి మీద ఒకరు పడి దగ్గితే మాత్రం దేశభక్తి! యుద్ధ రుణపత్రాలు అమ్ముడుపోవడానికి ఊరేగింపు తీయాలాయె. దాన్ని ఆపమని డాక్టర్ హోవర్డ్ ఆండర్స్ లాంటి చాదస్తులు మొత్తుకున్నారు. పత్రికలు ఎంతో పెద్దమనిషి తరహాలో ఆ గోల అచ్చు వేయలేదు. రెండు మైళ్ల బారున బ్యాండు మేళాలు నిరాటంకంగా సాగాయి.

మూడు రోజులు తిరక్కుండానే ఆసుపత్రుల్లో మంచాలు నిండిపోయాయి. ప్రజల సొమ్ము ఖాళీగా పడి ఉండటం మీకు గిట్టదు కాబోలు! అక్టోబరు 3న బళ్లూ చర్చీలూ థియేటర్లూ మూయించారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఆ మాట మీకు తగలదు, మీకు పట్టింది అయిదు రోజులే.

ఇక పొదుపు సంగతి. 36 శవాలకు కట్టిన మార్చురీలో వందలు సర్దించారు, ఒకదాని మీద ఒకటి. శవపేటికలవాళ్ల వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలయింది. పాదిరీ చదువు చదువుకునే కుర్రాళ్లకు గోతులు తవ్వే విద్య కూడా అబ్బింది.

సెయింట్ లూయిస్‌లో మాక్స్ స్టార్క్‌లాఫ్ అని ఒక పిరికి అధికారి ఉండేవాడు. ఊళ్లో జబ్బు బయటపడ్డ రెండు రోజులకే అన్నీ మూయించి వ్యాపారుల నోళ్లలో పడ్డాడు. మీపాటి గుండె లేదు పాపం. అక్కడి మరణాల రేటు మీ ఊరిదాంట్లో దాదాపు సగం. మీ ఊళ్లో ఆరు వారాల్లో పోయినవాళ్లు 12,000 పైచిలుకు.