అమావాస్య కరెక్టే, మాసమే తప్పు

లక్షెట్టిపేట దాటి అవతలికి ఒక్కసారి కూడా పోకుండా, నౌకరీ ఉన్నన్నాళ్లూ ఆదిలాబాద్ జిల్లాను పాఠంగా చెప్పిన సోషల్ సారును నేను. అక్కడి అడవులు, నల్లరేగడి, పత్తి, గోండులు, కొలాములు, ప్రధానులు, తోటీలు అన్నీ గోడపటం మీద కర్ర పెట్టి చూపించాను. రిటైరయ్యాక నాకు మిగిలినవి పింఛనూ, ఎవరూ అడగని సమాచారమూ. ఆ సమాచారాన్ని ఇప్పుడు ఒకే ఒక్క విద్యార్థిని మీద ప్రయోగిస్తున్నాను. ఆమె నా మేనమామ బిడ్డ, నా భార్య. చిన్నప్పటి నుంచి నన్ను బావా అనే పిలుస్తుంది. ఆ పిలుపు ఎంత సాగితే కోపం అంత ముదిరినట్టు లెక్క.

జర్మనీలో ఉన్న మా బిడ్డా అల్లుడూ కారేసుకుని ఇటలీ పోయి, వెనిస్ నుంచి వీడియో కాల్ చేశారు. పడవలు, పాత మేడలు, రోడ్డుండాల్సిన చోట నీళ్లు. నేను ఊరుకోలేక, వెనిస్ 118 చిన్న దీవుల మీద కట్టిన నగరమని అందుకున్నాను. మా ఆవిడ ఫోన్ పెట్టేసి అడిగింది.

"నువ్వు పోయినవా బావా?"

"పోలేదు."

"బిడ్డ నీళ్ల మీది ఊరు చూసింది. మనం నీళ్ల కిందికి పోయిన ఊరు చూసినం."

ఆమె తల్లిగారి ఊరు మధ్య మానేరు ముంపులో పోయింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మగవాడు ప్రోగ్రాం వేస్తాడు. మనమూ కారేసుకుని ఆదిలాబాద్ పోదాం, కేస్లాపూర్‌లో నాగోబా జాతర, వచ్చేటప్పుడు కుంటాల జలపాతం, నిర్మల్ బొమ్మలు అన్నాను.

నాగోబా జాతర పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశం వాళ్లు చేసే మహాపూజతో మొదలవుతుంది. ఈ ముక్క నాకు కంఠతా వచ్చు. మా ఇంటి క్యాలెండర్ డిసెంబర్ పేజీలో అమావాస్య ఒక గడిలో ఉంది. పక్క గడిలో చిన్న అక్షరాలతో పుష్య మాసారంభం అని ఉంది. నేను అద్దాలు పెట్టుకోకుండా రెండు గడుల్నీ కలిపి చదివాను.

"సకినాలే చుట్టలేదు, పుష్యం అమాస ఎక్కడిది బావా?" అంది ఆమె.

సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వస్తుంది, జాతర చంద్రుణ్ణి బట్టి వస్తుంది, సకినాలకూ నాగోబాకూ ముడిపెట్టరాదని అరగంట చెప్పాను. ఆ ఉపన్యాసంలో ఒక్క తప్పు లేదు. లేదని ఇప్పటికీ అంటాను.

తెల్లవారుజామున బయలుదేరాలనుకుని, ఎండెక్కాక కరీంనగర్ దాటాం. ఆమె సర్వపిండి, పులిహోర, స్వెట్టర్లు, మంకీ క్యాపులు, రెండు రగ్గులు సర్దింది. రగ్గులెందుకని నేను దింపించాను. ఆదిలాబాద్ చలి గురించి పిల్లలకు ఏటా చెప్పినవాణ్ణే. ఆర్లి(టి), సిర్పూర్(యు), గిన్నెదరి పేర్లు పేపర్లో చూసినప్పుడల్లా తెలంగాణ కాశ్మీర్ అంటే అదేనని వీధిలో వాళ్లకు వివరించినవాణ్ణే. కానీ ఆ పొద్దు మా వాకిట్లో ఎండ బాగా కాస్తోంది. జగిత్యాల దాకా ఫంక్షన్ హాళ్ల ముందు పెళ్లి ఫ్లెక్సీలు ఇంకా తీయలేదు. శూన్యమాసంలో పెళ్లిళ్లెవరు చేసిండ్రని ఆమె మళ్లీ అడిగింది. హారన్ కొట్టాను.

ధర్మపురిలో నరసింహస్వామిని, ఆ ఆవరణలోనే గుడి ఉన్న యమధర్మరాజును మొక్కాం. ధర్మపురికి పోయినవాళ్లకు యమపురి లేదని మావైపు నానుడి. పంచరు లేదని మాత్రం ఎవరూ అనలేదు. రాయపట్నం బ్రిడ్జి మీద గోదావరిని చూపిస్తూ, ఇది దాటితే ఆదిలాబాద్ జిల్లా అని అంటుండగానే వెనక టైరు కూర్చుంది. స్టెప్నీ తీసి చూస్తే అందులోనూ గాలి లేదు. ఎటు పోయే బండిని ఆపాలో తెలియక నేను గోదావరికి వీపు చూపి నిలబడితే, మా ఆవిడ ఎదురొచ్చిన ట్రాక్టరు పిల్లవాణ్ణి "కొడుకా" అని పిలిచి పని చేయించింది. అతను టైరును లక్షెట్టిపేట తీసుకుపోయి బాగు చేయించి తెచ్చాడు. పోతూ పోతూ, "సారూ, ఇది ఆదిలాబాద్ జిల్లా కాదు, మంచిర్యాల" అని దిద్దిపోయాడు. నిజమే. 2016 అక్టోబర్ 11న జిల్లా నాలుగు ముక్కలైంది. గోడపటం నేను మార్చుకోలేదు.

జన్నారం అడవి చూడగానే మళ్లీ ఉషారొచ్చింది. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యం చేసిన సంగతి మొదలుపెట్టాను. పులి కనిపిస్తే కారు దిగొద్దని ఆమెకు జాగ్రత్తలు చెప్పాను. ఆమె, "పులి సంగతి తర్వాత, బోర్డు చూడు" అంది. నేను చూడలేదు. అప్పటికి కడెం ప్రాజెక్టులోకి దిగాను. దానికి 18 గేట్లు, 2022 జూలై వరదకు ఒక గేటు మొరాయించింది, నీళ్లు గేట్ల మీదుగా పొర్లాయి, కట్ట నిలుస్తుందా లేదా అని రాష్ట్రమంతా రాత్రి మేలుకుంది, అని ఊపుగా చెబుతున్నాను.

"బావా, ఎదురుంగ గేట్లు కనపడుతున్నయి."

ఉట్నూరు దారి పట్టాల్సినవాణ్ణి మాట మీద ధ్యాసలో కడెం దారి పట్టాను. జిల్లా కూడా మారిపోయి నిర్మల్ అయింది. ఇది ప్రోగ్రాంలో ఉన్నదే, చూపిద్దామనే తెచ్చాను అన్నాను. ఆమె "అట్లనా బాఆవా" అని కట్ట మీద కూర్చుని సర్వపిండి తింది. నాకు పెట్టింది కానీ మాట్లాడలేదు.

వెనక్కి వచ్చి ఉట్నూరు చేరేసరికి పొద్దు వాలింది. ఇంద్రవెల్లి స్తూపం దగ్గర కారాపి దిగాం. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గిరిజనుల స్తూపం అది. అక్కడ నాకు పాఠం రాలేదు. చెప్పులు విప్పి మొక్కి కారెక్కాం.

కేస్లాపూర్‌లో దిగేసరికి చీకటి. లక్షలాది జనం, అంగళ్లు, రంగులరాట్నం ఉంటాయని ఊరించుకుంటూ వచ్చానా, మైదానంలో రెండు ఎడ్లు పడుకుని నెమరేస్తున్నాయి. గుడి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి "రాం రాం" అన్నాడు. జాతర ఎక్కడని అడిగాను. "వచ్చే అమాసకు సారూ. ఇది కాదు" అన్నాడు. ఆకాశంలో చంద్రుడు లేడు కాబట్టి నా లెక్క సగం ఒప్పే.

ఆయన నెగడు దగ్గర కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. మెస్రం వాళ్లు ఇంకా గోదావరి జలానికే బయలుదేరలేదన్నాడు. జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు నుంచి ఆ నీళ్లు తేవాలి. కాళ్లకు చెప్పులు లేకుండా నడిచిపోయి, నడిచే వస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేయాలి. మేము పొద్దటి నుంచి కారులో పడ్డ పాట్లు ఆయన ముందు చెప్పుకోబుద్ధి కాలేదు. పూజయ్యాక మెస్రం ఇంటి కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేస్తారు, దాన్ని భేటింగ్ అంటారు, అప్పటిదాకా వాళ్లు ఆ దేవుణ్ణి చూడరు అని ఆయన చెబుతుంటే మా ఆవిడ నిట్టూర్చింది.

"నిన్ను గూడ గట్లనే ముందు చూపించి ఇచ్చేదుండె" అంది నాతో.

"చిన్నప్పటి నుంచి చూసినవు గదా."

"చూసిన. కారు నడపంగ చూడలే."

పెద్దాయన నవ్వాపుకోలేక నెగడులో కట్టె ఎగదోశాడు.

ఆదిలాబాద్‌లో ఒక లాడ్జి దొరికింది. దాని గీజరుకు ప్లగ్గు ఉంది, కరెంటు లేదు. చలి ఎముకల్లోకి దిగింది. ఇంట్లో దింపించిన రెండు రగ్గులు కళ్ల ముందు మెదిలాయి. ఆమె మంకీ క్యాపు పెట్టుకుని, ఉన్న ఒక్క దుప్పటీ కప్పుకుని, కొంగు చివర నాకిచ్చింది. నిద్ర రాక నేను హైమన్‌డార్ఫ్ కథ ఎత్తుకున్నాను. ఆస్ట్రియా మనిషి, యుద్ధకాలంలో శత్రుదేశస్థుడని బ్రిటిషువాళ్లు హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక నిజాం సర్కారు ఆయన్ను గోండుల స్థితిగతులు చూడమంది. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసెలో కాపురముండి బడి పెట్టించాడు. కేస్లాపూర్ జాతరలో గిరిజనుల మొర వినే దర్బారూ ఆయన చలవే. 1987లో ఆమె పోతే మార్లవాయిలోనే సమాధి కట్టారు, తర్వాత ఆయన అస్థికలూ అక్కడికే తెచ్చారు.

"గా దొర పెండ్లాన్ని తోలుకొచ్చి ఊరోళ్లు చెప్పింది ఇని రాసుకున్నడు. నువ్వేమో ఊర్లెకొచ్చి ఊరోళ్లకే చెప్తవు" అంది ఆమె చీకట్లో.

నిజానికి నేను వినలేదనడం తప్పు, చాయ్ తాగేటప్పుడు విన్నాను. కానీ ఆమె అప్పటికే నిద్రపోయింది.

తెల్లారి నేరడిగొండ మీదుగా కుంటాల పోయాం. సుమారు 150 అడుగుల జలపాతం, తెలంగాణలో ఎత్తైనదిగా పేరు. వందల మెట్లు దిగాలి. ఆమె మోకాళ్లకు పనికిరాదని నేను ముందే తేల్చేశాను. ఆమె కట్టె పట్టుకుని మెల్లగా దిగి మెల్లగా ఎక్కింది. గబగబా దిగిన నన్ను మాత్రం సగం మెట్ల కాడ ఇద్దరు ఇంటర్ పిల్లలు పట్టుకుని కూర్చోబెట్టారు. ఇది కడెం వాగే, నిన్న కింద ప్రాజెక్టులో చూసిన నీళ్లు ఇక్కడి నుంచి దిగినవేనని వాళ్లకు రొప్పుతూనే చెప్పాను. వాళ్లు సెల్ఫీ దిగి పోయారు. నిర్మల్‌లో పొణికి చెక్కతో చేసిన పండ్ల బొమ్మలు కొన్నాం. బేరం ఆమె చేసింది. దారి కూడా ఆమే అడిగింది. అందుకే ఆ సాయంత్రం కరీంనగర్ ఏ ఇబ్బందీ లేకుండా చేరాం.

బిడ్డకు ఫోన్ చేసి ట్రిప్ బ్రహ్మాండంగా జరిగిందని చెప్పాను. వెనక నుంచి మా ఆవిడ, "మీ నాయిన నాకు నాలుగు జిల్లాలు చూపిద్దామనుకుని మూడు చూపించిండు, జాతర మాత్రం వచ్చే నెల" అంది.

ఆమె ఇప్పుడు సకినాలకు బియ్యం నానబోసింది. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది, మేము అందులోనే పోతున్నాం. మీరూ పోదల్చుకుంటే క్యాలెండర్‌ను అద్దాలు పెట్టుకుని చదవండి. ఇంట్లో సకినాల డబ్బా ఇంకా నిండలేదంటే, అమావాస్య ఏదైనా సరే, బయలుదేరకండి.