పనిచేసే ప్రింటర్‌ని పారెయ్యమంటారా?

మా రోజుల్లో ప్రింటర్‌కి కేబుల్ ఒక్కటే కావలసింది. కంప్యూటర్ వెనక 25 పిన్నుల పోర్టు, ప్రింటర్ వెనక 36 పిన్నుల సాకెట్టు, అది ఊడకుండా అటూ ఇటూ తీగ క్లిప్పులు. డాస్‌లో కాపీ అని కొట్టి, ఫైలు పేరు రాసి, పక్కన పీఆర్ఎన్ అంటే చాలు, కాగితం కదిలేది. ఎప్సన్ ఎల్‌ఎక్స్-300కి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. లైన్ ఫీడ్ బటన్ నొక్కిపెట్టి స్విచ్ వేస్తే అక్షరాలన్నీ కరకరా కొట్టి చూపించేది. ఏ కంపెనీ డాట్ మ్యాట్రిక్స్ అయినా చాలావరకు ఆ ఎప్సన్ ఆదేశాలకే పలికేది.

ఇప్పుడో? కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో మా టైపింగ్ సెంటర్‌కి విండోస్ 11 కంప్యూటర్ వచ్చింది. లేజర్ ప్రింటర్ పాతదే. డ్రమ్ము బాగుంది, రోలర్లు బాగున్నాయి, టోనర్ నిండుగా ఉంది. కంప్యూటర్ బిగించడానికొచ్చిన కుర్రాడు మాత్రం "దీనికి డ్రైవర్ లేదు చిన్నాయనా, పారేసి కొత్తది తీసుకో" అన్నాడు. దున్నే ఎద్దుని కొత్త కాడి పట్టలేదని కబేళాకి తోలమన్నట్టుంది.

2018లో వీసా గడువు దాటినవాళ్లకి కువైట్ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు, పక్కనే దైయాలో మన ఎంబసీ ముందు ఇంటికెళ్లే ఔట్‌పాస్ కోసం రాయచోటి, రాజంపేట, కోనసీమ వాళ్లు బారులు తీరారు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరే ఉండిపోయిన ఆడవాళ్లు, చేతిలో మడతలుపడ్డ పాత జిరాక్స్ ఒక్కటే. ఆ జిరాక్సులకి కాపీలూ, వాళ్ల ఫారాలూ తీసిచ్చింది ఈ ప్రింటరే. దీన్ని చెత్తకుప్పలో వెయ్యమంటే నాకు మనసొప్పదు.

అసలు సంగతేమిటంటే, విండోస్ 11 అంతా 64 బిట్లే. పాత 32 బిట్ల డ్రైవర్ అందులో ఎక్కదు. కంపెనీ మళ్లీ రాసివ్వాలి. రాస్తే కొత్త ప్రింటర్ ఎవరు కొంటారని కాబోలు, ఊరుకుంటారు. పైగా తయారీదారుల డ్రైవర్లని విండోస్ అప్‌డేట్‌లో ఇవ్వడం దశలవారీగా తగ్గిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే ప్రకటించింది. ఇకమీదట కంపెనీ డ్రైవర్ అక్కర్లేని ఐపీపీ పద్ధతి తెలిసిన ప్రింటర్లదే రాజ్యం. ఆ కొత్తవాటిలో కొన్ని వైఫై కావాలంటాయి, ఈమెయిల్‌తో ఖాతా తెరవమంటాయి. కాగితం మీద నల్ల అక్షరం వెయ్యడానికి నా ఈమెయిల్ ఎందుకయ్యా?

మాది పీసీఎల్ అనే ప్రింటర్ భాష తెలిసిన ప్రింటర్ కాబట్టి బతికిపోయింది. విండోస్ డ్రైవర్ల జాబితాలో అదే కుటుంబంలోని ఇంకో మోడల్, పీసీఎల్5 అని ఉన్నది ఎంచుకుంటే టెస్ట్ పేజీ వచ్చేసింది. పేజీ మొత్తం కంప్యూటరే గీసిపెట్టాల్సిన చవకరకం వాటికి ఈ ఉపాయం పారదు. వాటిలో కొన్నిటికి పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి, కప్స్ అనే ప్రింటింగ్ ప్రోగ్రామ్ ద్వారా నెట్‌వర్క్‌లో పంచుకోవచ్చు. ముక్కూమొహం తెలియని ప్రోగ్రామర్లు ఊరికే రాసిపెట్టిన డ్రైవర్లున్నాయి. వాళ్లకి దణ్ణం పెట్టాలి.

కంపెనీ రాయనంటే రాయకపోనీ. ప్రింటర్‌తో ఎలా మాట్లాడాలో ఆ వివరాలు బయటపెడితే రాసుకునేవాళ్లు రాసుకుంటారు. 1980 ప్రాంతంలో ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ తమ లేజర్ ప్రింటర్ సోర్స్ కోడ్ అడిగితే ఇవ్వలేదు. ఆ కోపం కూడా 1983లో ఆయన్ని, సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చే గ్నూ ప్రాజెక్టు వైపు నడిపించింది. నలభై ఏళ్లు దాటినా మా టైపింగ్ సెంటర్‌కి అందుతున్నది ఆ 'ఇవ్వం' అన్న జవాబే.