ఇంకో పావు చుట్టు

ఆదివారం పూట కారు కింద దూరి సొంతంగా ఆయిల్ మార్చుకునే సికింద్రాబాద్ గృహస్థుకి భయమల్లా ఒక్కటే, బోల్టు ఊడిపోతుందేమోనని. ఊడిన బోల్టు చెరిపిన ఇంజిన్లకంటే ఊడకూడదని బిగించిన బోల్టు చెరిపినవే ఎక్కువని నా వాదన. లెక్క చూడండి. 14 మిల్లీమీటర్ల స్పార్క్ ప్లగ్గు అల్యూమినియం హెడ్డులో కుదురుగా కూర్చోడానికి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. 20 సెంటీమీటర్ల పానా చివర 15 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చేది అంతే. మోండా మార్కెట్ నుంచి కూరగాయల సంచి మోసుకొచ్చే చెయ్యి దానికి సరిపోతుంది. మనవాడు పానాకి ఓ ఇనప గొట్టం తగిలించి పొడవు 60 సెంటీమీటర్లు చేస్తాడు. అదే చెయ్యి ఇప్పుడు 90 దాకా లాగుతుంది. పైగా మంచిదని త్రెడ్డుకి నూనె పూస్తాడు. బిగించే బలంలో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికి, ఇంకో 40 శాతం త్రెడ్డు రాపిడికి పోగా పట్టుకి దక్కేది పదో వంతే. నూనె వల్ల రాపిడి తగ్గితే ఆ మిగులంతా బోల్టుని లాగుతుంది. బిగించిన బోల్టులో మొదటి చుట్టే దాదాపు మూడో వంతు భారం మోస్తుంది కాబట్టి తెగడం అక్కడ మొదలై వరసగా లోపలికి పోతుంది. చివరికి అల్యూమినియం త్రెడ్డు స్ప్రింగులా బోల్టుని చుట్టుకుని బయటికొస్తుంది. ఆ తెల్లటి తీగని వేళ్లతో పీకుతూ "ఈ కాలం బండ్లలో క్వాలిటీ ఎక్కడిదండీ" అనడం ఆచారం.

మా మెకానిక్ ఏ మీటరూ లేకుండా చేత్తోనే బిగిస్తాడు కదా అంటారు. బిగిస్తాడు. అతని మణికట్టుకి వేల బోల్టుల అనుభవం ఉంది, మన మణికట్టుకి ఉన్నది యూట్యూబ్ వీడియో. పానాల సెట్టులో 10 నంబరుది పొట్టిగా, 19 నంబరుది పొడుగ్గా ఉండేది ఇనుము పొదుపు కోసం కాదు. ఏ బోల్టుకి ఎంత బలం చాలో చేసినవాడు పానా పొడవులోనే చెప్పేశాడు. గొట్టం తగిలించినవాడు ఆ మాట వినలేదన్నమాట. అలాగే పిచ్ సంగతి, అంటే త్రెడ్డులో చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం. సుజుకి లాంటి జపాన్ కార్లలో 10 మిల్లీమీటర్ల బోల్టుకి 1.25 పిచ్ మామూలు, హార్డ్‌వేర్ కొట్లో చేతికొచ్చేది సాధారణంగా 1.5. అదీ చేత్తో ఒకటి రెండు చుట్లు బుద్ధిగా వెళ్తుంది, తర్వాత మొరాయిస్తుంది. అప్పుడు పానా అందుకున్నామో, ఉన్న త్రెడ్డు ఆఖరే. ఈ గొడవ పాతదే. 1841లో ఇంగ్లండులో విట్‌వర్త్ త్రెడ్డు కోణం 55 డిగ్రీలన్నాడు, 1864లో అమెరికాలో సెల్లర్స్ 60 అన్నాడు. అర అంగుళం బోల్టుకి అంగుళానికి ఆయనవి 12 చుట్లు, ఈయనవి 13. పెద్దల తగువు, నష్టం మన నట్టుకి.

త్రెడ్డు పోయాక మనవాళ్ల మొదటి మందు టెఫ్లాన్ టేపు, రెండోది ఎమ్‌సీల్. రెండూ కారడం ఆపడానికి పుట్టినవి, పట్టు ఇవ్వవు. అసలు మందు హెలికాయిల్. 8 మిల్లీమీటర్ల త్రెడ్డు పోతే 8.3 డ్రిల్లుతో రంధ్రం పెంచి, దానికని చేసిన ట్యాపుతో కొత్త త్రెడ్డు కోసి, స్టెయిన్‌లెస్ స్టీలు తీగచుట్టని అంచుకి కాస్త కిందికి దించాలి. కిరసనాయిలు చుక్కలు వేస్తూ ట్యాపుని అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పడం మన వంశంలో లేదు, అక్కడే ట్యాపు విరుగుతుంది. అతుకు అతుకేగా, కొత్త ఆయిల్ చాంబరే వేయించుకుంటే పోలా అని ఓ పెద్దమనిషి అడగొచ్చు. విమానాల అల్యూమినియం భాగాల్లో చాలావాటికి కొత్తగా ఉండగానే ఇవి వేస్తారు, ఎందుకంటే స్టీలు చుట్ట భారాన్ని పంచుతుంది, అరగదు. ఈ అతుకు ఒరిజినల్‌కంటే గట్టిది. స్పార్క్ ప్లగ్గు త్రెడ్డు పోతే మాత్రం ఇంట్లో డ్రిల్లు ముట్టుకోవద్దు, పొట్టు నేరుగా పిస్టన్ మీద రాలుతుంది. హెడ్డు విప్పించి లేత్ పనివాడికి ఇవ్వాలి. మిగతా వాటికి రాణిగంజ్ హార్డ్‌వేర్ కొట్లు ఉన్నాయి. పాత బోల్టు జేబులో వేసుకెళ్లి పిచ్ గేజీ పెట్టించుకోండి. "ఎనిమిది ట్యాపే కదా సార్, ఇది తీస్కపోండి" అని మామూలు ట్యాపు చేతిలో పెడితే తీసుకోకండి. 8.3 రంధ్రంలో అది గాలిని తప్ప దేన్నీ కోయదు.