భయం అద్దెకు ఇవ్వబడును

వేల్స్ దేశపు నైరుతి మూల, పెంబ్రోక్‌షైర్ తీరానికి వేసవి సెలవులకు వెళ్లినవాళ్లకు ఒక సరుకు అమ్ముతారు. రబ్బరు వెట్‌సూట్ తొడిగి, నెత్తిన హెల్మెట్ పెట్టి, ఒంటికి లైఫ్ జాకెట్ బిగించి, పారేయడానికి సిద్ధంగా ఉన్న పాత బూట్లు వేయించి, సముద్రం అంచున రాళ్లమీద పాకిస్తారు. రాళ్లు లేనిచోట ఈదిస్తారు. చివర్లో ఒక బండమీంచి నీళ్లలోకి దూకిస్తారు. దీని పేరు కోస్టీరింగ్. వెట్‌సూట్ మీద మళ్లీ ఒక నిక్కరు కూడా తొడిగిస్తారు. వీరుడు రాళ్లమీద కూలబడి జారినప్పుడు సూటు వెనకభాగం చిరిగితే నష్టం కంపెనీది కదా. మర్నాడు అదే తీరంలో నడుముకు తాడు కట్టి కొండచరియ ఎక్కిస్తారు, అది రాక్ క్లైంబింగ్. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. నీళ్లలో తడవడం, రాళ్లెక్కడం పిల్లలు అనాదిగా చేస్తున్నవే. వాళ్లు తిట్లు తిని చేసేదాన్ని పెద్దలు డబ్బు కట్టి చేస్తున్నారు, అంతే తేడా. పేచీ అంతా సరుకు మీద అంటించిన చీటీతో. మీ హద్దులు దాటండి, మీలోని ధైర్యాన్ని కనుక్కోండి, ప్రకృతితో తలపడి కొత్త మనిషిగా ఇంటికి వెళ్లండి అన్న ధోరణిలో సాగుతుంది ఆ చీటీ. డబ్బాలో ధైర్యం అసలు లేదని కాదు. ఉన్నది కొన్నవాడిది కాదు.

ఆ పూటంతా జరిగే నిర్ణయాలు ఎవరు చేస్తున్నారో గమనిస్తే చాలు. ఇవాళ నీళ్లలోకి దిగొచ్చా, అల ఏ దిక్కు నుంచి లేస్తోంది, పోటు ఎన్నింటికి మొదలై ఎంత ఎత్తుకొస్తుంది, ఏ బండ కింద ఎంత లోతుంది, ఈ గుహలోకి ఇప్పుడు వెళితే మళ్లీ బయటపడే దారి ఉంటుందా? ఇవన్నీ గైడు తేల్చుకునే సంగతులు. పక్కనే ఉన్న బ్రిస్టల్ ఛానల్‌లో ఆటుపోట్ల తేడా ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి, ఎగువన 14 మీటర్ల దాకా ఉంటుంది. పెంబ్రోక్‌షైర్‌లో అంత లేకపోయినా, పొద్దున నీళ్లు తగిలిన చోట మధ్యాహ్నం రాయి తగలడానికి సరిపడా ఉంది. 10 మీటర్ల ఎత్తునుంచి దూకిన మనిషి నీటిని తాకేసరికి గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు. అడుగున ఎంత లోతుందన్న ఒక్క సమాచారమే అతణ్ని విహారయాత్రికుడిగా నిలబెడుతోంది, ఆ సమాచారం అతని బుర్రలో లేదు. అతనికి మిగిలింది దూకడమా, మానడమా అన్న ఒక్కటే. మానితే పక్కనుంచి దిగే దారి కూడా గైడే చూపిస్తాడు. కొండ ఎక్కేటప్పుడూ ఇదే కథ. కొత్తవాళ్లకు తాడు పైనుంచి కడతారు, చెయ్యి జారితే తాడు సాగినంత మేరే కిందికి వస్తారు. ఊరేగింపులో గుర్రమెక్కిన పెళ్లికొడుకు ఠీవిగా కత్తి పట్టుకుని కూర్చుంటాడు, కళ్లెం మాత్రం గుర్రపువాడి చేతిలో ఉంటుంది. అంతమాత్రాన పెళ్లికొడుకు నవ్వులపాలు కాడు. మర్నాటి నుంచి తాను అశ్వికదళంలో చేరినట్టు మాట్లాడితేనే ఇబ్బంది.

ఈ పనికి కోస్టీరింగ్ అన్న పేరు అచ్చులోకెక్కింది 1973లో, సముద్రపు చరియలెక్కడం గురించి జాన్ క్లియర్, రాబిన్ కొలోంబ్ రాసిన పుస్తకంలో. అప్పుడది చరియలు తెలిసినవాళ్లు తమ బాధ్యత మీద తాము చేసుకునే పని. 1980ల్లో పెంబ్రోక్‌షైర్‌లోని సెయింట్ డేవిడ్స్ ఊళ్లో అది టికెట్టు పెట్టి అమ్మే పని అయింది. టికెట్టు పుట్టాక బాధ్యత చేతులు మారింది, గొప్ప మాత్రం మారలేదు.

సముద్రపు చరియలతో నిజంగా తలపడ్డవాళ్లు ఎలా ఉండేవారో తెలియాలంటే స్కాట్లండ్ పడమర అట్లాంటిక్‌లో ఉన్న సెయింట్ కిల్డా దీవుల చరిత్ర చూడాలి. బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన సముద్రపు చరియలు అక్కడివే, 400 మీటర్లు పైబడినవి. ఆ దీవివాళ్లు తాళ్లు కట్టుకుని, వట్టికాళ్లతో దిగి, గానెట్, ఫుల్మర్, పఫిన్ పక్షులనూ వాటి గుడ్లనూ పట్టేవారు. తిండి అదే, దీపానికి నూనె అదే, భూస్వామికి కట్టే శిస్తులో ఈకలూ ఒక భాగం. 1697లో అక్కడికి వెళ్లిన మార్టిన్ మార్టిన్ అనే రచయిత ఒక ఆచారాన్ని నమోదు చేశాడు. ప్రియురాలిని మెప్పించాలంటే యువకుడు చరియ అంచున ఉన్న ఒక రాతిమీద ఎడమ మడమ ఒక్కటే ఆనించి నిలబడి, రెండో కాలు ముందుకు చాచి, పిడికిళ్లు ఆ కాలి వేళ్ల దాకా వంచి చూపించాలి. పెళ్లాం బిడ్డలకు తిండి తేగలడా లేదా అన్న దానికి అది పరీక్ష. పాసైతే పెళ్లి, తప్పితే అసలు పెళ్లికొడుకే ఉండడు. 19వ శతాబ్దంలో ఆవిరి ఓడల్లో టూరిస్టులు దిగి, ఆ జనం చరియలెక్కడం తమాషాగా చూసి డబ్బులిచ్చేవారు. కొండెక్కడం మనిషిని కొత్తగా పుట్టిస్తుందన్న మాట నిజమైతే, వాళ్లు తరతరాలుగా రోజూ కొత్తగా పుట్టి ఉండాలి. కానీ జబ్బులు, వలసలు, ఒంటరితనం మీదపడి, 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మంది తామే అర్జీ పెట్టుకుని మరీ ఆ దీవి విడిచి పోయారు. యార్క్‌షైర్‌లోని బెంప్టన్ చరియల్లో గుడ్ల కోసం తాళ్లు పట్టుకు దిగినవాళ్లూ ఇలాంటివాళ్లే. 1954 నాటి పక్షుల రక్షణ చట్టంతో వాళ్ల పని ఆగింది. అప్పట్లో ఎక్కేవాడికి కూలి ముట్టేది. ఇప్పుడు ఎక్కేవాడే కూలి ఇస్తున్నాడు.

పెంబ్రోక్‌షైర్‌లోనే ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. సెయింట్ డేవిడ్స్ ఎదుట రామ్‌సీ జలసంధిలో బిచెస్ అనే రాళ్ల వరుస ఉంది. ఆటుపోట్ల వేళ నీళ్లు అక్కడ నదీ ప్రవాహంలా ఉరుకుతాయి. 1910 అక్టోబరులో గాలివానలో ‘జెమ్’ అనే లైఫ్‌బోటు ఒక పడవలో చిక్కుకున్న ముగ్గురిని కాపాడి తిరిగివస్తూ ఆ రాళ్లకు కొట్టుకుని పగిలిపోయింది. నాయకుడు జాన్ స్టీఫెన్స్‌తో కలిపి సిబ్బందిలో ముగ్గురు పోయారు. ఆ లైఫ్‌బోట్లు నడిపే ఆర్.ఎన్.ఎల్.ఐ. 1824 నుంచి ఉన్న ధర్మసంస్థ, సిబ్బందిలో అత్యధికులు నేటికీ జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. ఇప్పుడు అవే రాళ్ల దగ్గరికి వేగపు పడవల్లో టూరిస్టుల్ని కేరింతలకు తీసుకెళుతున్నారు. కాస్త ఉత్తరాన అబెరెయిడీలో ఒకప్పటి పలకరాయి క్వారీలోకి సముద్రం చేరి బ్లూ లగూన్ అయింది. కూలీలు రాయి కొట్టిన గోడలే నేడు దూకుడు అరుగులు. జాగా అదే అయినప్పుడు సాహసం కూడా అదేనని అనుకోవడం సులువు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. ప్రమాదం చిన్నదే కావచ్చు, భయం మాత్రం నిజమైనదే కదా, కాళ్లు వణుకుతూనే దూకినవాడిది ధైర్యం కాదా అని అడుగుతారు. ఒప్పుకోవాల్సిందే. ఎత్తంటే ప్రాణం పోయేవాడు బండ చివర నిలబడి అడుగు ముందుకేస్తే ఆ క్షణం అతనిది, ఎవరూ లాక్కోలేరు. అయితే జాతరలో జెయింట్ వీల్ పైకి వెళ్లినప్పుడూ గుండె గొంతులోకి వస్తుంది. దిగాక ఎవరూ నాయకత్వ లక్షణాలు అబ్బాయని చెప్పుకోరు. బండమీంచి దూకిన ధైర్యం ఆఫీసులో పై అధికారి తప్పు చేస్తుంటే కాదనడానికి పనికొస్తుందన్నది చీటీలోని అసలు మాట. ఒకచోటి ధైర్యం ఇంకోచోటికి దానంతటదే నడిచిపోతుందని నమ్మడానికి ఆధారం ఏమీ కనిపించదు. కంపెనీలు ఉద్యోగుల్ని గుంపుగా తెచ్చి దూకించేది కూడా ఈ నమ్మకంతోనే. దూకమని అందరి ముందూ చెప్పినప్పుడు దూకడం విధేయత. నేను దూకను అని అక్కడే నిలబడినవాడిలో కంపెనీ వెతుకుతున్న గుణం ఉండొచ్చు, కానీ ఫొటోలో అతను ఉండడు. సముద్రం దగ్గర అన్నిటికన్నా పెద్ద నైపుణ్యం ఇవాళ వద్దని చెప్పగలగడం. గైడు ఆ మాట చెప్పిన రోజున డబ్బు వాపసు కోసం గొడవపడేది, హద్దులు దాటడానికి వచ్చిన ఈ కొత్త మనుషులే.

అయితే జాగ్రత్తలు తీసుకోవడం తప్పా అంటే, ఈ వ్యాపారం మొత్తంలో మెచ్చుకోదగ్గది అదొక్కటే. 1993 మార్చిలో ఇంగ్లండ్ దక్షిణ తీరాన లైమ్ బేలో కయాకింగ్‌కు వెళ్లిన బడిపిల్లలు నలుగురు మునిగిపోయారు. ఆ నిర్లక్ష్యానికి నిర్వాహక కంపెనీ మీద నేరం రుజువైంది, 1995లో చట్టం వచ్చింది, పిల్లలతో సాహసక్రీడలు నడిపే కేంద్రాలకు లైసెన్సులు వచ్చాయి. అంటే నేటి భద్రత ఎవరో కట్టిన మూల్యానికి వచ్చింది, అది గర్వంగా చెప్పుకోవాల్సింది. కానీ బీమావాడికి ఏమీ జరగదని హామీ ఇచ్చే నోరే, కస్టమరుకు ఏదైనా జరగొచ్చన్నట్టు ఊరిస్తుంది. ఇద్దరిలో ఒకరికి అబద్ధం చెప్పాలి కాబట్టి, సెలవుల్లో ఉన్నవాడికి చెబుతున్నారు.

ఈ గాలి మన దగ్గరా వీస్తోంది. కొండ మనిషిని మార్చదా, మాలావత్ పూర్ణ సంగతేమిటి అని అడిగేవారుంటారు. మార్చింది, నిస్సందేహంగా. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన ఆ అమ్మాయి భువనగిరి గుట్టమీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లోనూ లదాఖ్‌లోనూ శిక్షణ పొంది, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆ మార్పు నెలల తరబడి సాధనది. శనివారం అదే గుట్టమీంచి తాడు పట్టుకు దిగి, ఆదివారం జీవితసత్యాలు పోస్టు చేసేవాళ్లు ఆమె పేరు వాడుకోవడం అన్యాయం. ఎత్తులతో రోజువారీ బేరమున్న గీత కార్మికుడు మోకు నడుముకు చుట్టుకుని తాటిచెట్టెక్కి, పడి నడుము విరిగినా, ప్రాణం పోయినా, దాన్ని హద్దులు దాటడమని ఎవరూ అనలేదు. గీత కార్మికులు కొలిచే కాటమయ్య పేరిట తెలంగాణ ప్రభుత్వం అతనికి రక్షణ కిట్లు పంచడం మొదలుపెట్టింది 2024లో. విహారయాత్రికుడికి మొదటి నిమిషంలో తొడిగే జాగ్రత్త, బతుకుదెరువుకు ఎక్కేవాడి దాకా చేరడానికి అంత కాలం పట్టింది.

ఇక మిగిలింది జీవనోపాధి వాదం. క్వారీలు మూతపడ్డ తీరంలో ఈ ఆటలు నలుగురికి అన్నం పెడుతున్నాయి, అది చిన్న సంగతి కాదు. పైగా అసలైన క్లైంబర్లకు సంయమనం కూడా తెలుసు. పెంబ్రోక్‌షైర్‌లో కొన్ని చరియల్ని పక్షులు గూళ్లు కట్టే నెలల్లో, ఫిబ్రవరి నుంచి జులై దాకా, ఎక్కకూడదన్న ఏర్పాటుకు వాళ్ల సంఘమే సహకరిస్తుంది. కాబట్టి ఆట ఆగనక్కర్లేదు, సర్టిఫికెట్టు మారితే చాలు. ఆ రోజు పోటు ఎన్నింటికి, అల ఎంత, లోతు కొలిచిందెవరు, దిగొచ్చని తేల్చిందెవరు, తాడు పట్టుకున్నదెవరు అన్న గళ్లన్నీ గైడు పేరుతో నింపాలి. కస్టమరు చేసిన పని అన్న గడిలో ‘తడిశారు’ అని రాసి ముద్ర వేయొచ్చు.