ఫైనల్‌కు ముహూర్తం కావలెను

2023 నవంబర్‌లో తెలంగాణ ఎన్నికల ప్రచారానికి హైదరాబాద్ వచ్చిన అస్సాం ముఖ్యమంత్రి హిమంత బిశ్వశర్మ గారు ఓట్లు అడిగి ఊరుకోలేదు. పనిలో పనిగా మన గుండెకోతకు కారణం కూడా కనిపెట్టి చెప్పారు. అంతకుముందు ఆదివారం అహ్మదాబాద్‌లో, ప్రపంచకప్ క్రికెట్ ఫైనల్లో మనల్ని ఓడించింది ఆస్ట్రేలియా కాదట, క్యాలెండరట. నవంబర్ 19 ఇందిరాగాంధీ పుట్టినరోజు కావడంవల్లే, వరసగా పది మ్యాచ్‌లు గెలిచినవాళ్లం పదకొండోది పోగొట్టుకున్నామట. ఇకమీదట గాంధీ కుటుంబంతో ముడిపడ్డ రోజున మనవాళ్లకు ఫైనల్ పెట్టొద్దని క్రికెట్ బోర్డుకు విన్నవించుకున్నారు కూడా.

అనకాపల్లి తరఫున వారికి నా కృతజ్ఞతలు. వెటకారం అనుకునేరు, కాదు. ఆదివారం రాత్రి నుంచి మా ఊళ్లో ఎంతమంది ఆ ఓటమి పాపాన్ని నెత్తిన వేసుకుని తిరుగుతున్నారో ఆయనకు తెలియదు. బెల్లం మార్కెట్లో ఓ గుమస్తా, తాను మంచినీళ్లకని లేచినప్పుడే రోహిత్ శర్మ అవుటయ్యాడని, ఆ గుక్కెడు నీళ్లు తాగకపోతే ప్రాణం పోయేదా అని కుమిలిపోతున్నాడు. గవరపాలెంలో ఇంటర్ చదివే కుర్రాడొకడు పది మ్యాచ్‌లకూ ఉతక్కుండా తొడుక్కున్న నీలం టీషర్టును వాళ్లమ్మ శనివారం నాడు ఉతికి దండెం మీద ఆరేసింది. సర్ఫు నురగలో కప్పు కొట్టుకుపోయిందని వాడి వాదన. "కంపు బరించలేక ఉతికినాన్రా, ఆ సొక్కాలో కప్పుందని నాకేటి తెలుసు?" అని ఆ తల్లి మొర. ఇద్దరికీ మాటల్లేవు. నాగుల చవితికి పుట్ట దగ్గర కాల్చగా మిగిలిన టపాకాయలు ఆదివారం రాత్రికని దాచిన ఇళ్లు మా వీధిలోనే నాలుగైదున్నాయి. దాచినందుకే నాగేంద్రుడికి కోపం వచ్చిందని ఆ ఇళ్ల పెద్దవాళ్లు తేల్చారు.

ఇంతమంది ముద్దాయిలకు శర్మగారు ఒక్క ప్రసంగంతో క్షమాభిక్ష పెట్టారు. గుమస్తా హాయిగా నీళ్లు తాగుతున్నాడు.

కాకపోతే వారి సలహా సగంలో ఆగింది. ఏ రోజు వద్దో చెప్పారు గానీ, ఏ రోజు పెట్టాలో చెప్పలేదు. పెళ్లికి ముహూర్తం పెట్టమంటే "ఆషాఢంలో మాత్రం వద్దు" అని దక్షిణ పుచ్చుకుని లేచిపోయిన పురోహితుణ్ణి ఏమంటాం? అందుకని ఆ మిగతా సగం నేను పూర్తి చేద్దామనుకుని, కాగితం కలం పట్టుకుని మా సిద్ధాంతిగారింటికి వెళ్లాను. ఆయన శోభకృత్ నామ సంవత్సర పంచాంగం తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఎవరి పేరు మీద చూడమంటావు బాబూ?"

"టీమిండియా పేరు మీదండి."

"అంటే పదకొండు మందికీ తారాబలం కుదరాలి. పెళ్లికి ఇద్దరికి కుదిర్చేసరికే తల ప్రాణం తోకకొస్తోంది. కుదరనివాణ్ణి ఏం చేస్తారు?"

"కూర్చోబెట్టేస్తారండి. పన్నెండోవాడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు."

"సరే. మరి అవతలి వియ్యాలవారి సంగతి? వాళ్లకీ అదే లగ్నం బాగుంటేనో?"

ఇది నాకు తట్టనేలేదు. పెళ్లికైతే ముహూర్తం ఇద్దరికీ కలిసిరావాలి. ఫైనల్‌కు ఒకరికి కలిసొచ్చి ఇంకొకరికి చచ్చేటట్టు చెడాలి. అలాంటి ముహూర్తం పెట్టినవాళ్లు తన వంశంలో ఎవరూ లేరని సిద్ధాంతిగారు నిజాయితీగా ఒప్పుకున్నారు. అయినా దేశం కోసం కూర్చున్నారు.

ముందు నిషిద్ధ దినాలు. నవంబర్ 14 నెహ్రూ జయంతి, కొట్టేశాం. ఆ మర్నాడే ముంబయిలో న్యూజిలాండ్‌ను 70 పరుగుల తేడాతో చిత్తు చేశాం గనక ఈ దోషం రాత్రి పన్నెండు దాటితే పనిచేయదని పక్కన ఓ ఉపసూత్రం రాసుకున్నాం. అక్టోబర్ 31 ఇందిర వర్ధంతి. కొట్టేయబోతుంటే సిద్ధాంతిగారు చెయ్యి పట్టుకున్నారు. ఆ రోజు సర్దార్ పటేల్ జయంతి కూడా. కొట్టేస్తే ఒక తంటా, ఉంచితే ఇంకో తంటా. ప్రశ్నార్థకం పెట్టి దాటేశాం. మార్చి 13 వరుణ్ గాంధీ పుట్టినరోజు, ఆగస్టు 26 మేనకా గాంధీ పుట్టినరోజు. ఇంటిపేరు ఆ కుటుంబానిది, కండువా శర్మగారి బీజేపీది. "కండువా మార్చుకుంటే దోషపరిహారం అయిపోతుందా?" అని అడిగారు సిద్ధాంతిగారు. 2015 దాకా శర్మగారూ కాంగ్రెస్‌లోనే ఉన్నారు కాబట్టి ఈ ధర్మసందేహాన్ని తీర్చగల అధికారం వారికే ఉంది. వారికే పంపుతున్నాం.

డిసెంబర్ 9 దగ్గర కలం ఆగింది. సోనియాగాంధీ పుట్టినరోజు. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించింది 2009లో ఆ రాత్రే. శర్మగారి శాస్త్రం నిజమైతే, ఆయన ఏ రాష్ట్రపు గడ్డమీద నిలబడి ఆ మాటన్నారో ఆ రాష్ట్రానికే ముహూర్తం చెడ్డది. నవంబర్ 30న ఓట్లేయబోయేవాళ్లకు ఈ సంగతి చెప్పొద్దని అనుకున్నాం.

అసలు చిక్కు జూన్ 25తో వచ్చింది. 1975లో ఇందిర ఎమర్జెన్సీ పెట్టిన రోజు. ఇంతకు మించిన దోషం ఏ పంచాంగంలోనూ ఉండదని సిద్ధాంతిగారు ఎర్రసిరా కలం ఎత్తారు. నేను ఆపాను. 1983 జూన్ 25న లార్డ్స్‌లో మనం 183 పరుగులే కొట్టి వెస్టిండీస్‌ను 140కి ఆలౌట్ చేశాం. కపిల్‌దేవ్ కప్పెత్తాడు. అప్పుడు ప్రధాని కుర్చీలో ఉన్నది ఎవరు? ఆవిడే! సిద్ధాంతిగారు కళ్లద్దాలు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. "అయితే బాబూ, ఏటా ఆ తేదీకే ఫైనల్ పెట్టేస్తే పోదూ?" అన్నారు. శర్మగారు ఒప్పుకుంటే నాకూ అభ్యంతరం లేదు.

ఇక నవంబర్ 19నే తీసుకోండి. ఝాన్సీ లక్ష్మీబాయి పుట్టింది ఆ రోజే, 1828లో. మన హైదరాబాద్‌లో పుట్టి విశ్వసుందరి అయిన సుస్మితా సేన్ పుట్టినరోజూ అదే. ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ మరుగుదొడ్ల దినమూ అదే. వీటిలో ఏ దోషం మన బ్యాటింగ్‌ను పట్టుకుందో ఎలా తేల్చడం? పైగా కార్తీకమాసం, ఆదివారం, సప్తమి ఘడియలు. సూర్యారాధనకు ఇంతకంటే మంచిరోజు దొరకదంటారు సిద్ధాంతిగారు. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం కదండీ, మన చివరి వికెట్లు అప్పుడే కదా పడ్డాయి అని నేనందించబోతే, "రాహుకాలం అరవవాళ్ల పట్టింపు బాబూ, మనకు వర్జ్యం, దుర్ముహూర్తం ముఖ్యం" అని కసురుకున్నారు. శాస్త్రం దగ్గర ఆయన రాజీపడరు.

ఎదుటి పక్షం కూడా ఊరుకోలేదు. అంతకు ముందే రాజస్థాన్ సభలో రాహుల్ గాంధీ తప్పును తేదీ మీద కాక పాదం మీద వేశారు. స్టేడియానికి ప్రధాని మోదీ రాబట్టే మనవాళ్లు ఓడారని ఆయన్ను 'పనౌతి', అంటే అపశకునం, అన్నారు. ఎన్నికల సంఘం నోటీసిచ్చింది. ఆ రోజు స్టేడియంలో 92 వేల పైచిలుకు జనం. అంటే లక్షా ఎనభై నాలుగు వేల పాదాలు. ఒక్క పాదాన్నే అనడం మిగతావాటికి అన్యాయం. కాబట్టి ఇకమీదట గేటు దగ్గర బ్యాగులతో పాటు అరికాళ్లు కూడా తనిఖీ చేయాలి. టికెట్టుకు జాతకచక్రం జిరాక్సు జత చేయాలి. ఏలినాటి శని నడుస్తున్నవాళ్లకు వేరే గ్యాలరీ, దానికి పైకప్పుండదు. అష్టమ శనివాళ్లు ఇంట్లో టీవీ చూడొచ్చు, కాకపోతే సౌండు తీసేసి.

చివరికి సిద్ధాంతిగారు ఒక్క ముహూర్తం తేల్చారు. మాఘమాసంలో, తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాలకు, ధనుర్లగ్నం.

"ఆ వేళకు మంచు కురుస్తుందండీ. బంతి చేతిలో నిలవదు."

"మంచుకు శాంతి చేయిద్దాం."

టాస్‌కు నాణెం బదులు కొబ్బరికాయ. పువ్వొస్తే మన బ్యాటింగు, కుళ్లితే వాళ్లది. తొలి బంతికి ముందు కెప్టెన్ల మధ్య తెర పట్టాలి. పిచ్ మీద రోలర్ బదులు పేడనీళ్లు, ముగ్గు. శుభలేఖలు అచ్చుకివ్వడమే తరువాయి.

ఇంతలో గురువారం విశాఖలో టీ20 జరిగింది. అదే ఆస్ట్రేలియా. జన్మలో క్రికెట్ చూడబోమని ఆదివారం రాత్రి నూకాలమ్మ మీద ఒట్టేసుకున్న మా ఊరి కుర్రాళ్లలో సగంమంది మధ్యాహ్నానికే మధురవాడ చేరిపోయారు. ఉతికిన టీషర్టువాడు కూడా. వాళ్లు 208 కొడితే మనం ఛేదించేశాం. ఆఖరి బంతికి ఒక్క పరుగు కావాలి. రింకూ సింగ్ సిక్సర్ కొట్టాడు, ఆ బంతి నోబాల్ కావడంతో సిక్సర్ లెక్కలోకే రాకుండా మ్యాచ్ గెలిచేశాం. గాంధీ కుటుంబాన్ని చివరిదాకా నమ్ముకున్న రాజశేఖరరెడ్డి పేరున్న స్టేడియం అది! అక్కడెలా గెలిచామో, ఆ పుణ్యం ఎవరి జయంతిదో చెప్పడానికి మాత్రం ఏ ముఖ్యమంత్రీ మైకు పట్టుకోలేదు.

సిద్ధాంతిగారు పంచాంగం మూసి, "నేనూ చూశాను బాబూ ఆదివారం మ్యాచ్" అన్నారు. "పదో ఓవర్ తర్వాత నలభై ఓవర్లలో మనం కొట్టింది నాలుగంటే నాలుగు ఫోర్లు. కేఎల్ రాహుల్ 107 బంతులాడి 66 కొట్టాడు. ఇక బృహస్పతే వచ్చి అంపైరింగ్ చేసినా గెలవం. అవతల 47కి మూడు వికెట్లు పడ్డాయా? ఆ హెడ్డూ, లబుషేనూ కలిసి 192 కొట్టారు. వాళ్లు బాగా ఆడారు. దీనికి పంచాంగం ఎందుకు?"

వాళ్లు బాగా ఆడారు. వారం రోజులుగా నేను విన్న మాటల్లో ఈ రెండు ముక్కలు ఎవరి నోటా రాలేదు. నిండు స్టేడియం మూగబోవడం కంటే తృప్తి ఉండదని ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ ముందురోజే చెప్పాడు. చెప్పి మరీ చేశాడు. మందకొడి పిచ్ మీద టాస్ గెలిచి కూడా ముందు బౌలింగ్ ఎందుకు తీసుకున్నాడో, అలాంటి పిచ్ మనకెందుకు ముద్దొచ్చిందో మన బోర్డును అడగాలి. తేదీని అడిగితే ఏం చెబుతుంది?

ఓడితే ఏడవడం తప్పు కాదు. మైదానంలోనే సిరాజ్ ఏడ్చాడు, రోహిత్ కళ్లనీళ్లతో లోపలికి నడిచాడు. ఆ ఏడుపుకు ఓ మర్యాద ఉంది. తిరుపతి జిల్లాలో ఓ యువకుడు ఆ మ్యాచ్ చూస్తూ గుండెపోటుతో పోయాడు. ఆ గుమ్మంలోకెళ్లి, ఇందిరమ్మ పుట్టినరోజు కదమ్మా, అందుకని, అని చెప్పగలరా ఈ పెద్దమనుషులు? ట్రావిస్ హెడ్ భార్యనూ, ఏడాది పసిగుడ్డునూ సోషల్ మీడియాలో బూతులు తిట్టిన మన వీరాభిమానుల్ని ఒక్కరంటే ఒక్కరు సభలో నిలదీశారా? తేదీని తిడితే చప్పట్లు పడతాయి. వీళ్లను తిడితే ఓట్లు పోతాయి.

ఈ తేదీల జబ్బు క్రికెట్‌తో ఆగితే నేను నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. ఆ ఆదివారం రాత్రే, జనం టీవీలు కట్టేశాక, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు బూడిదయ్యాయి. అదీ నవంబర్ 19నే. గంగపుత్రుల కప్పు అది, మళ్లీ నాలుగేళ్లకు వచ్చేది కాదు. దాని గురించి ఏ ప్రచార సభలోనూ పంచాంగం విప్పలేదు.

మా జిల్లాకు తేదీలు కొత్త కాదు. 2022 జూన్ 3న అచ్యుతాపురం సెజ్‌లో విషవాయువు పీల్చి, బట్టల కంపెనీలో కుట్టుపని చేసే ఆడపిల్లలు వందమందికి పైగా వాంతులతో పడిపోయారు. రెండు నెలలు తిరిగేసరికి ఆగస్టు 2న, నాగపంచమి నాడు, అదే చోట మళ్లీ అంతే. 2023 జూన్ 30న అదే సెజ్‌లోని మందుల కంపెనీలో పేలుడు. కార్మికులు మాడిపోయారు. ప్రతిసారీ కార్లు దిగినవాళ్ల నోట వినపడేది ఒకటే మాట, దురదృష్టకరం. ఎవరి అదృష్టం? ఎవరి జాతకం? నెపం గ్రహాలమీదకు నెట్టేస్తే భద్రత చూడాల్సినవాడి పేరు కాగితం మీదకు రాదు, సంతకం పెట్టినవాడి కుర్చీ కదలదు. నష్టపరిహారం చెక్కుతో ఫొటో దిగి కారెక్కేయొచ్చు. పిచ్ గురించి అడక్కుండా పుట్టినరోజు ఎలా అడ్డంపడిందో, వాల్వుల గురించి అడక్కుండా ఈ దురదృష్టం అలాగే అడ్డం పడుతోంది. కాకపోతే ఇక్కడ పోతున్నవి ప్రాణాలు.

కాబట్టి అయ్యా, జూన్ 30 ఎవరి జయంతో మాకు చెప్పొద్దు. ఆ కంపెనీలో అంతకుముందు ఆఖరిసారి భద్రతా తనిఖీ ఏ రోజు జరిగింది, ఏ అధికారి చేశాడు, ఏం రాశాడు? ఆ ఒక్క తేదీ చెప్పండి చాలు.